రాసుకున్న స్వరాలు మర్చిపోతే?

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. ఎనిమిదో ఏట రాజమండ్రిలో సంగీతం మొదలుపెట్టాను. గాత్రంలో డిప్లొమా అయింది. ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వర్ణాలు, కీర్తనలు బాగానే పాడతానంటారు. అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడే కల్పనస్వరం దగ్గరికొచ్చేసరికి మాత్రం నోరు పెగలదు. అందుకని ఇంట్లో స్వరాలు పుస్తకంలో రాసుకుని, బట్టీ పట్టి, అప్పటికప్పుడు వచ్చినట్టు పాడేస్తుంటాను. మొన్న శ్రీరామనవమి పందిట్లో మోహనలో కీర్తన పాడుతున్నప్పుడు వయొలిన్ ఆయన నా స్వరానికి జవాబు ఇంకో దారిలో పట్టుకెళ్ళారు. ఆ ధ్యాసలో పడి తర్వాతది మర్చిపోయాను. రెండు ఆవర్తనాలు, అంటే తాళం రెండు చుట్లు, నోట మాట లేదు. మృదంగం ఆయన చిన్న ముక్తాయింపు (ముగింపు ముక్క) వాయించి ఎత్తుగడ (పల్లవి మొదలయ్యే చోటు) చూపిస్తే పల్లవి అందుకున్నాను. తర్వాత మా బంధువు ఒకాయన "బట్టీ పట్టినట్టుందే" అన్నారు. అప్పట్నుంచి తంబూరా యాప్ తెరవబుద్ధి కావడం లేదు. మా గురువుగారు "విను, అదే వస్తుంది" అంటారు. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు ఊహించి పాడటం, పుట్టుకతో రావాలేమో, నాకు లేదేమో. కీర్తనలతో సరిపెట్టుకోమంటారా?
– పేరు వద్దు, హైదరాబాద్

జవాబు:

అమ్మా,

ముందు మీ బంధువుగారి సంగతి తేల్చేద్దాం. ఆయన చెవి మంచిదే. బట్టీ పట్టింది ఎంత దాచినా బట్టీ పట్టినట్టే వినబడుతుంది. రాసుకున్న స్వరం పాడేవాళ్ళు వయొలిన్ వైపు చూడరు, మృదంగం వైపు చూడరు, లోపలెక్కడో ఒక కాగితం చదువుకుంటూ ఉంటారు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి ఆ చూపు ఇట్టే తెలిసిపోతుంది. కాబట్టి ఆయన మీద కోపం వద్దు. అంతమాత్రాన యాప్ మూసేసి కూర్చోవడమూ దండగే.

స్వరాలు రాసుకున్నందుకు సిగ్గుపడుతున్నారు, అది కూడా అక్కర్లేదు. రాసిన స్వరం పాడటం నేరమైతే, కీర్తనలో ముందే కూర్చిపెట్టిన చిట్టస్వరం పాడేవాళ్ళందరూ దోషులే. వర్ణంలో ముక్తాయిస్వరం, ఎత్తుగడ స్వరాలు ఎవరో ఒకరు కూర్చినవే కదా. వాటిని నోటికి పట్టించే మన పెద్దలు పిల్లల్ని తయారుచేశారు. మీ పుస్తకంతో నాకు పేచీ లేదు, దాన్ని వాడుతున్న తీరుతోనే ఉంది. అది తర్వాత చెబుతాను.

పందిట్లో ఏం జరిగిందో నెమ్మదిగా చూద్దాం. మీరు రాసుకున్నవి బహుశా వరసగా ఉంటాయి. రెండు చిన్నవి, తర్వాత ఆవర్తనం నిడివివి రెండు, చివర ఒక పెద్ద ముక్తాయింపు. మొదటిది నోట్లోంచి వస్తే దాని తోక పట్టుకుని రెండోది వస్తుంది. మధ్యలో వయొలిన్ ఆయన తన మనోధర్మం తను వాయించారు. అది ఆయన పని. మీ స్వరాన్నే అచ్చుగుద్దినట్టు తిరిగి వాయిస్తే ఆయన్ని ఎవరు పిలుస్తారు? ఆయన వాయించింది చెవిలో పడింది, మీ వరస చెదిరింది.

ఆ రెండు ఆవర్తనాల్లో మీ దగ్గర లేనిదేమిటి? మోహన రాదా? పందొమ్మిదేళ్ళుగా పాడుతున్నారు. తాళం పోయిందా? పోలేదు, ఎత్తుగడ చూపించగానే అందుకున్నారు. లేనిది ఒక్కటే, రాగంలో ఎక్కడున్నా సరే అక్కణ్నుంచి పల్లవి ఎత్తుగడకి చేరుకునే అలవాటు. ఇంటికి దారి తెలిసినవాళ్ళు ఏ సందులోనైనా తిరగొచ్చు, తెలియనివాళ్ళకి గుమ్మం దాటాలంటేనే బెదురు. ఆ బెదురుని మీరు ప్రతిభ లేకపోవడం అనుకుని దిగులు పడుతున్నారు.

అందుకే నా సలహా, కల్పనస్వరం చివరి నుంచి నేర్చుకోండి.

మోహనలోనే ఉందాం, దెబ్బ తగిలింది అక్కడే కాబట్టి. పైగా అది ఐదు స్వరాల రాగం, స రి గ ప ద, గమకాల (స్వరాన్ని ఊపి పలకడం) పేచీ తక్కువ. తోడి రాగంతో మొదలుపెడితే స్వరం పలకడమే ఒక సాధన అయి కూర్చుంటుంది. ఆదితాళంలో సమం (తాళం మొదటి దెబ్బ) మీద ఎత్తుగడ ఉన్న పల్లవి ఒకటి తీసుకోండి. అది గాంధారంతో (గ) మొదలవుతుందనుకుందాం. వేరే స్వరమైతే నేను చెప్పేవి దానికి తగ్గట్టు మార్చుకోండి. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు (తాళం లెక్కలు). మొదటి కాలంలో, అంటే నెమ్మది నడకలో, అక్షరానికి రెండేసి స్వరాలు, అంటే ఆవర్తనానికి పదహారు. ఆ పదహారులో పన్నెండు వదిలేయండి.

పల్లవి ఒక ఆవర్తనం పాడండి. తర్వాతి ఆవర్తనంలో నోరు మూసుకుని తాళం వేయండి. లఘువు (మొదటి నాలుగు అక్షరాలు) పోనివ్వండి, మొదటి ద్రుతం (తర్వాతి రెండు) పోనివ్వండి. రెండో ద్రుతంలో నాలుగే స్వరాలు, "ద ప గ రి", వెంటనే గాంధారం మీద పల్లవి. మళ్ళీ తాళం. ఈసారి "గ రి స రి", పల్లవి. కింది నుంచి రిషభం మీదుగా గాంధారానికి రావడం ఇది. పై నుంచి కూడా రావొచ్చు, తారస్థాయిలో "రి స" అందుకుని "ద ప" అని దిగితే పంచమం పక్కనే గాంధారం ఉంటుంది. ఎత్తుగడ స్వరానికి పక్కనున్న స్వరంతో ముగించాలన్న పద్ధతి మీరు క్లాసులో విన్నదే. అది చెవికి ఎందుకు హాయిగా ఉంటుందో ఇలా పాడితే తెలుస్తుంది.

మొదట్లో ఆ ఆరు అక్షరాల మౌనం భరించలేరు. నాలుక ఏదో ఒకటి పలకాలని తహతహలాడుతుంది. పలకనివ్వకండి. పందిట్లో మిమ్మల్ని భయపెట్టింది ఆ మౌనమే. రోజూ ఇంట్లో కావాలని దాంట్లో కూర్చుంటే, ఇంకోసారి వేదిక మీద ఎదురైనప్పుడు గుండె అంత జారదు. నోరు ఆగినా తాళం నడుస్తుంది, చివర్లో నాలుగు స్వరాలు పడితే చాలు, పల్లవి చేతికొస్తుంది. ఆ రోజు మీకు ఈ నాలుగు స్వరాలుంటే మృదంగం ఆయనకి ఆ శ్రమ తప్పేది.

ఇది విసుగు పుట్టేదాకా చేశాక ఎనిమిది స్వరాలకి వెళ్ళండి. "గ ప ద ప గ రి స రి" పాడి చూడండి. ఇందులో వెనక నాలుగు మీకు తెలిసినవే. కొత్తగా ఊహించాల్సింది ముందు నాలుగే. ఆ ముందు నాలుగే మార్చుతూ పోండి. "స రి గ ప", "ద స ద ప", "ప ద ప గ". ఒక్కోటి బాగోదు. బాగోనిది కూడా పూర్తిగా పాడి పల్లవికి రండి, మధ్యలో ఆపి దిద్దుకోకండి. ఆపి దిద్దుకునే అలవాటు వర్ణానికి మంచిది, కల్పనస్వరానికి విషం. వేదిక మీద దిద్దుకోవడం ఉండదు, పాడినదాంట్లోంచే ముందుకి పోవాలి. తర్వాత పదహారు. అప్పుడు వెనక ఎనిమిది తెలిసినవి, ముందు ఎనిమిది మీవి.

ముక్తాయింపు లెక్కలంటే మీకు టెన్షన్ ఉండొచ్చు. ఒక్క లెక్కతో ఏడాది గడపొచ్చు. ఐదు స్వరాల ముక్క మూడుసార్లు పదిహేను. ఆవర్తనం మొదట్లో అరక్షరం ఆగి అందుకుంటే పదహారు నిండుతుంది. "ప గ రి స రి, ప గ రి స రి, ప గ రి స రి", పల్లవి. ముక్క మార్చాలంటే "స ద ప గ రి", తార షడ్జం (పై స) నుంచి. లెక్క అదే, రంగు వేరు. చేతి వేళ్ళ మీద లెక్కలు కట్టి హాలంతా ఊపేసేవాళ్ళని చూసి చిన్నబుచ్చుకోకండి. వాళ్ళలో చాలామంది ముక్తాయింపు ఇంటి దగ్గర కట్టుకొచ్చిందే. ఇది రహస్యమేమీ కాదు, సంగీతకారులందరికీ తెలుసు. జనం చప్పట్లు కొట్టేది కూడా ఎక్కువసార్లు దానికే.

ఇప్పుడు పుస్తకం సంగతి. పారేయకండి. పాడకముందు రాయడం మానేసి, పాడాక రాయండి. ఫోన్‌లో రికార్డు పెట్టుకుని పావుగంట స్వరం పాడండి, ఆ రోజు వినకండి. ఒకట్రెండు రోజులయ్యాక వినండి. పాడిన వెంటనే వింటే తప్పులే వినిపిస్తాయి, ఆగి వింటే ఎవరో వేరేవాళ్ళు పాడినట్టుంటుంది, మంచి ముక్క ఉంటే పట్టుకోగలుగుతారు. ఆ ముక్క, అదొక్కటే, పుస్తకంలో రాయండి. నాలుగు స్వరాలైనా సరే. మీ గొంతు ఏ ప్రయోగం దగ్గర సుఖపడుతుందో, ఎక్కడికి మళ్ళీమళ్ళీ పోతుందో కొన్ని నెలలకి ఆ పుస్తకమే చెబుతుంది. "మళ్ళీ అదే పాడుతున్నావేంటి" అని ఇంట్లోవాళ్ళు అంటారు. అననివ్వండి.

పుట్టుకతో రావాలేమో అన్నారు. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మనవాళ్ళు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి పేరు చెబుతారు. పిల్లవాడిగా ఉండగానే కచేరీలు చేశారని, చిన్నవయసులోనే 72 మేళకర్తల్లోనూ (మూల రాగాల్లోనూ) కృతులు కట్టారని. నిజమే, అలాంటివాళ్ళు పుడతారు. ఆయనతో పోల్చుకుంటే మీరే కాదు, దేశంలో సంగీతం పాడేవాళ్ళంతా ఇంటికెళ్ళిపోవాలి. ఆయన దగ్గర మీరు తీసుకోవాల్సింది ఇంకోటుంది. మహతి రాగం చూడండి, స గ ప ని, నాలుగే స్వరాలు. లవంగిలోనూ నాలుగే, స రి మ ద. అంత ఇరుకులో ఆయన రాగం నిలబెట్టారు. ఊహకి చోటు ఎక్కువ కావాలనుకుంటాం గానీ, సాధనలో నేను చూసినంతవరకు చోటు తగ్గించినప్పుడే అది పని మొదలుపెడుతుంది. వారంలో ఒక రోజు మోహనలో గ ప ద, ఈ మూడు స్వరాలే వాడతానని పంతం పట్టండి. మూడింటితో ఎన్ని వస్తాయని ముందు నవ్వొస్తుంది. కాసేపయ్యాక స్వరాలు మార్చలేక కాలం మార్చడం మొదలుపెడతారు. ఒకటి సాగదీస్తారు, ఒకటి కొరుకుతారు, ఒకచోట ఆగుతారు. లయలోంచి ఊహ పుట్టడం అప్పుడు తెలుస్తుంది.

ఇక అసలు మాట. మనోధర్మం మీకు ఎవరూ నేర్పలేదన్నట్టు రాశారు. నేర్పారు, వేరే పేరుతో. త్యాగరాజస్వామి కీర్తనలో పల్లవి సంగతులు పాడతారు కదా, ఒకసారి వాటిని పాఠంలా కాకుండా వినండి. మొదటి సంగతి నేలమీద నడిచినట్టు ఉంటుంది. రెండోదాంట్లో చివర మాత్రం కొంచెం కదులుతుంది. మూడోదాంట్లో ఆ కదలిక మధ్యలోకి వస్తుంది. నాలుగోది తార షడ్జం తాకి వస్తుంది. సాహిత్యం అదే, మాటలు తాళంలో పడే చోటు దాదాపు అదే, రాగం మాత్రం ఒక్కో మెట్టు విచ్చుకుంటుంది. ఇది మనోధర్మం కాకపోతే మరేమిటి? పైగా ఆ సంగతులన్నీ స్వామివారివే అని ఎవరూ అనరు. శిష్యపరంపరల్లో తర్వాత చేరినవి చాలా ఉన్నాయి. ఒక పాఠాంతరంలో ఉన్న సంగతి ఇంకోదాంట్లో ఉండదు. అంటే ఎవరో ఒక గాయకుడు ఒక రోజు కూర్చుని "ఇక్కడ ఇలా కూడా వెళ్ళొచ్చు" అనుకుని పాడాడు, బాగుంది, నిలిచింది. రేపు మీకు బాగా వచ్చిన కీర్తనలో మూడో సంగతి దాకా పాఠం పాడి, నాలుగోది మీరు వేయండి. ఐదోది మళ్ళీ పాఠం. అటూ ఇటూ గట్టి గోడలుంటాయి కాబట్టి పడిపోరు.

ఇది కొన్నాళ్ళు చేస్తే, ఒకే పాదాన్ని రకరకాలుగా ఊహించి పాడే నెరవులు దగ్గరికి మీకు తెలియకుండానే వచ్చేస్తారు. అర్థం పూర్తిగా ఉన్న వాక్యం ఎంచుకోండి, మాటలు తాళంలో పడే చోట్లు చెదరనివ్వకండి, అంతకంటే ఇప్పుడు చెప్పను. ఆలాపన గురించి కూడా ఒక్క ముక్కే. మోహన వర్ణం సాహిత్యం తీసేసి అకారంతో, కాలం పట్టింపు లేకుండా, ఒక్కో పాదం దగ్గర ఆగి ఆగి పాడండి. ప్రయోగాలన్నీ అందులోనే ఉన్నాయి.

గురువుగారు "విను" అంటే మీకు చిరాకొచ్చిందని వాక్యం నడకలోనే తెలుస్తోంది. ఆయన మాట అబద్ధం కాదు, సగం చెప్పారు. వంట చేస్తూ వినేది వినడం కాదు. ఒక్క రికార్డింగ్ పట్టుకోండి, మోహనలో కల్పనస్వరం ఉన్నది. చేత్తో తాళం వేస్తూ వినండి. గాయకుడు ఒక స్వరం పాడి పల్లవి అందుకోగానే రికార్డు ఆపేయండి. వయొలిన్ వంతు వస్తుంది కదా, ఆ వంతు మీరు పాడండి. ఆయన ముగించిన చివరి ముక్కనే మీ మొదటి ముక్కగా తీసుకోండి. తర్వాత రికార్డు వదిలి వయొలిన్ ఏం చేసిందో వినండి. మొదట్లో మీది వెలవెలబోతుంది. పోనివ్వండి. పందిట్లో మిమ్మల్ని ముంచిన పరిస్థితి ఇదే, ఇక్కడ మాత్రం ఆపే బటన్ మీ చేతిలో ఉంది. వేరేవాళ్ళ స్వరం చెవిలో పడగానే మీది పారిపోకుండా, దాన్ని పట్టుకుని మొదలుపెట్టే అలవాటు దీంతో వస్తుంది.

రాగం కోసమైతే నాదస్వరం వినండి. మాటల సాయం లేకుండా రాగాన్ని గంటలు నడిపించే విద్య అది. జి.ఎన్. బాలసుబ్రమణ్యం వంటి గాత్ర విద్వాంసుడే రాజరత్నం పిళ్ళై నాదస్వరం విని తన బాణీ దిద్దుకున్నారు. మన ఒంగోలు దగ్గర కరవది నుంచి వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారి రికార్డింగులు దొరుకుతాయి. ఆయన ఒక స్వరం మీద ఎంతసేపు నిలబడతారో గమనించండి. మీ తరం పాడేవాళ్ళలో నాకు కనబడే లోటు వేగం కాదు, వేగం కావలసినంత ఉంది. నిలబడటం తక్కువ.

ఉద్యోగం వల్ల టైము లేదని మీరు రాయలేదు, అందుకు సంతోషం. అయినా ఎవరో ఒకరు అంటారు కాబట్టి చెబుతున్నాను. శ్రీపాద పినాకపాణి గారు డాక్టరు, కర్నూలు వైద్య కళాశాలలో ప్రొఫెసరు. 1913లో పుట్టి 2013 దాకా ఉన్నారు. ఆ వైద్యం చేస్తూనే నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ వంటి వాళ్ళకి పాఠం చెప్పారు. ఆంధ్రదేశంలో గాత్రం ఇవాళ ఇలా ఉండటానికి ఆయన ఒక పెద్ద కారణం. రోజుకి నలభై నిమిషాలు నిజంగా కూర్చుంటే మీకు చాలు. అందులో పావుగంట పాఠానికి, మిగతాది పైన చెప్పిన ఆటలకి. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా రోజులు మానేయడం వల్ల గొంతు నొప్పి తప్ప ఏమీ రాదు.

కీర్తనలతో సరిపెట్టుకోమంటారా అని అడిగారు. "సరిపెట్టుకోవడం" అనుకుంటే వద్దు. కీర్తన శుద్ధంగా, భావం చెడకుండా పాడటం చిన్న పని కాదు, అదొక్కటే జన్మంతా చేసినవాళ్ళున్నారు. గుళ్ళో ముప్పావుగంట అవకాశమిస్తే ప్రతి కీర్తనకీ స్వరం తగిలించాల్సిన అవసరమే లేదు. వచ్చే కచేరీలో ఒక్క కీర్తనకి, అదీ చిన్న స్వరాలు నాలుగైదు, ఒక ముక్తాయింపు, అంతే వేయండి. రాసుకోకుండా. అరావర్తనం స్వరం నిజంగా అప్పుడే పుడితే, పందిట్లో వెనక కూర్చున్నవాళ్ళకి కూడా తేడా తెలుస్తుంది, మీ బంధువుగారికి సరేసరి. వయొలిన్ ఆయన్నే మళ్ళీ పిలవండి, మొహం చాటేయకండి. ముందురోజు అరగంట కూర్చుని "నేను చిన్నవే పాడతాను, మీరు మీ దారిలోనే వాయించండి" అని చెప్పండి. ఇలా చెబితే పక్కవాద్యం వాళ్ళు చిన్నచూపు చూస్తారనుకుంటారు కొత్తవాళ్ళు. నేను చూసినంతలో వాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు.

పుస్తకం సంగతి గురువుగారికి తెలుసా అన్నది మీరు రాయలేదు. ఇన్నేళ్ళు మిమ్మల్ని విన్న మనిషికి తెలియకుండా ఉండదు. మీరే చెప్పేయండి. చెప్పి, ఒక్కటి అడగండి, "గురువుగారూ, ఒక ఆవర్తనం మీరు పాడండి, ఒకటి నేను పాడతాను, గంటసేపు" అని. నేర్పమని అడిగితే "విను" అంటారు గానీ, కలిసి పాడమంటే కాదనే గురువు అరుదు. మీరు వినాలి, ఆయన పాడాలి, వెంటనే మీ వంతు రావాలి. "విను, అదే వస్తుంది" అన్నమాట అలా కూర్చున్నప్పుడే పనిచేస్తుంది. ఫోన్లో కాదు, గొంతు ఆలస్యంగా చేరి తాళం చెడుతుంది. ఈసారి రాజమండ్రి వెళ్ళినప్పుడు ఒక పూట దానికే కేటాయించండి. ఏ కీర్తనో ముందే అనుకుని వెళ్ళండి, అక్కడికెళ్ళాక రాగం ఎంచుకుంటూ కూర్చుంటే కాఫీలతోనే పూట గడిచిపోతుంది.